ఇన్సులిన్ పంపుతో కంట్రోలర్ పాఠం

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో ఏడాదికి కంట్రోల్ సిస్టమ్స్ చెబుతున్నాను. డీసీ మోటార్ మీద పీఐడీ (కావలసిన విలువకూ ఉన్న విలువకూ తేడా చూసి సరిదిద్దే కంట్రోలర్) ట్యూనింగ్ పిల్లలు ఇట్టే చేసేస్తున్నారు. కానీ శాచురేషన్ (కంట్రోలర్ ఆదేశం పరికరం హద్దును తాకడం), డిలే (ప్రభావం ఆలస్యంగా కనిపించడం) సంగతి వాళ్లకు పట్టడం లేదు. ఇన్సులిన్ పంపు ఉదాహరణ తీసుకోవచ్చా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: తప్పకుండా తీసుకోండి. మోటార్ ఎక్కువ తిరిగితే వెనక్కి తిప్పవచ్చు, ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్‌ను వెనక్కి లాగలేం. పాఠమంతా ఈ ఒక్క పరిమితి చుట్టూ నడపండి.

బెర్గ్‌మన్ మినిమల్ మోడల్ (ఒంట్లో గ్లూకోజ్, ఇన్సులిన్ మార్పులను లెక్కగట్టే నమూనా) చాలు. రక్తంలో గ్లూకోజ్, రక్తంలో ఇన్సులిన్, ఆ ఇన్సులిన్ ప్రభావం: మూడే అవకలన సమీకరణాలు. సైలాబ్‌లోనో ఆక్టేవ్‌లోనో ఒక నిమిషం స్టెప్‌తో నడిపించి, కంట్రోలర్‌ను మాత్రం 5 నిమిషాలకోసారి లెక్క కట్టనివ్వండి. సెట్‌పాయింట్ (నిలబెట్టాల్సిన గ్లూకోజ్) 110 మి.గ్రా./డె.లీ. భోజనాన్ని డిస్టర్బెన్స్‌గా ఇవ్వాలి: నిమిషానికి 9 మి.గ్రా./డె.లీ. దగ్గర మొదలై, 20 నిమిషాల టైమ్ కాన్‌స్టంట్‌తో తగ్గిపోయే ఎక్స్‌పోనెన్షియల్. దాని వైశాల్యం 180 అని పిల్లల చేతే తేల్పించండి.

మొదట్లో తప్పు జరిగేది ప్లస్, మైనస్ గుర్తు దగ్గరే. ఇన్సులిన్ పెరిగితే గ్లూకోజ్ తగ్గుతుంది కాబట్టి ప్లాంట్ (ఇక్కడ మనిషి ఒళ్లు) గెయిన్ నెగటివ్. అలవాటు కొద్దీ సెట్‌పాయింట్‌లోంచి గ్లూకోజ్‌ను తీసేసి, కంట్రోలర్ గెయిన్లు పాజిటివ్‌గా ఉంచితే షుగర్ పెరిగేకొద్దీ పంపు ఆగిపోతుంది. యూనిట్లూ చూడండి: గంటకు 1 యూనిట్ అంటే నిమిషానికి సుమారు 16.7 మిల్లీయూనిట్లు.

పీఐ కంట్రోలర్‌ను ముందు హద్దులేవీ లేకుండా నడపండి. గ్లూకోజ్ గ్రాఫ్ ముచ్చటగా వస్తుంది. అప్పుడు పంపు గ్రాఫ్ తీయించండి, ఇన్సులిన్ సున్నా కిందికి దిగి ఉంటుంది. కింద సున్నా, పైన పంపు గరిష్ఠం హద్దులు పెట్టి, హద్దు తగిలినప్పుడు ఇంటిగ్రల్ పేరుకోకుండా ఆపించండి (దీన్నే యాంటీ వైండప్ అంటారు).

తర్వాత చర్మం కింది ఇన్సులిన్ కోసం 55 నిమిషాల టైమ్ కాన్‌స్టంట్‌తో రెండు కంపార్ట్‌మెంట్లు వరసగా చేర్చండి. అసలు పాఠం ఇక్కడే ఉంది, తొందరపడకండి. ఇంతకుముందు బాగా పనిచేసిన గెయిన్లతోనే గ్లూకోజ్ 70 కిందికి జారవచ్చు. పంపు సున్నాకు వచ్చినా ముందు ఇచ్చిన డోసు పనిచేస్తూనే ఉంటుంది. యాంటీ వైండప్ ఒక్కటే దీన్ని సరిచేయలేదు. గెయిన్ తగ్గించాలి, ఒంట్లో మిగిలిన ఇన్సులిన్ అంచనాను కమాండ్ లోంచి తీసేయాలి, భోజనం ముందే తెలిస్తే షుగర్ పెరిగేదాకా ఆగకుండా కొంత డోసు ఫీడ్‌ఫార్వర్డ్‌గా ఇవ్వాలి. 2016లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన మెడ్‌ట్రానిక్ 670జీ ఇన్సులిన్ పంపులో కూడా భోజనం వివరాలు మనిషే నమోదు చేయాలి.

మార్కులు ఓవర్‌షూట్ శాతానికి వేయకండి. కనిష్ఠ గ్లూకోజ్ ఎంత, 70–180 మధ్య ఎంతసేపు ఉంది అన్నవి చూడండి. ఇన్సులిన్ సెన్సిటివిటీని 50 శాతం పెంచి, తగ్గించి అవే గెయిన్లతో మళ్లీ నడిపించండి. ఇదంతా సిమ్యులేషన్ వరకే. ఈ కోడ్‌ను నిజమైన పంపుకు కలపనివ్వకండి.