బాత్రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. వెన్నెముకకు దెబ్బ తగిలి ఆరేళ్లుగా బ్యాటరీ వీల్‌చైర్‌లోనే ఉంటున్నాను. ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీకి సీటొచ్చింది. "అక్కడ నిన్నెవరు చూస్తారే" అని అమ్మ ఒకటే ఏడుపు. నా పరిస్థితి ముందే చెబితే సీటు పోతుందేమోనని టెన్షన్. అసలు నా కుర్చీని విమానంలో రానిస్తారా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: చెల్లీ, దాచకు. అక్కడ 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ ఉంది. వైకల్యం ఉందని సీటు కాదనకూడదు. తగిన గది, పరీక్షలో అదనపు సమయం లాంటి సబబైన ఏర్పాట్లు విదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకూ చెయ్యాల్సిందే. నువ్వు చెబితేనే కదా వాళ్లకు తెలిసేది.

నేను పోలియో మనిషిని. అక్కడ చదవడానికి వెళ్లినప్పుడు హాస్టల్ వాళ్లు 'యాక్సెసిబుల్ రూమ్', అంటే వీల్‌చైర్‌కు వీలైన గది అని రాస్తే నమ్మేశాను. ర్యాంపు ఉంది, లిఫ్ట్ ఉంది. బాత్రూమ్ తలుపు మాత్రం లోపలికి తెరుచుకుంటుంది. కుర్చీ లోపలికి వెళ్లిందా, ఇక తలుపు వెయ్యడానికి చోటు లేదు. అమ్మ సూట్‌కేసులో పెట్టిన పాత నేతచీర గుమ్మానికి అడ్డం కట్టుకుని పన్నెండు రోజులు స్నానం చేశాను. అందుకే చెబుతున్నా, గది ఫొటోలు తెప్పించుకో. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కమోడ్ పక్కన ఖాళీ ఎంత, షవర్ కింద కూర్చోవడానికి సీటుందా, అన్నీ సెంటీమీటర్లతో సహా మెయిల్లో రాయించుకో.

అమ్మ అడిగినదాంట్లో న్యాయం ఉంది. వికలాంగ విద్యార్థులకు అక్కడి ప్రభుత్వమిచ్చే అలవెన్స్ మనకు రాదు. మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి మనిషిని పెట్టుకుంటే గంటల లెక్కన కట్టాలి, అది చాలా ఎక్కువ. అందులో యూనివర్సిటీ ఏమైనా భరిస్తుందేమో ఫీజు కట్టకముందే అడుగు. మన కేంద్ర ప్రభుత్వం వికలాంగులకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు కూడా అప్లై చెయ్యి. ఏటా 20 మందికే ఇస్తారు, అందులో 6 అమ్మాయిలకు.

కుర్చీ తప్పకుండా వస్తుంది. టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్స్‌కు బ్యాటరీ వివరాలు పంపి ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకో. విడదీసే లిథియం బ్యాటరీ ఒక్కటే ఉంటే 300 వాట్-అవర్ల వరకు రానిస్తారు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది: 24 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లయితే 240. దాన్ని లగేజీలో వెయ్యకూడదు, నీతోపాటే లోపలికి తీసుకెళ్లాలి. కుర్చీని నడిపే జాయ్‌స్టిక్ ఊడొచ్చేదైతే విప్పి తువ్వాల్లో చుట్టి సీటు కుషన్‌తోపాటు నీ దగ్గరే పెట్టుకో. గేటు దాకా నా కుర్చీలోనే వస్తానని కౌంటర్‌లో గట్టిగా అడుగు.

మా అమ్మా ఇలాగే ఏడ్చింది. లండన్ ట్యూబ్‌లో, అంటే అక్కడి మెట్రో రైళ్లలో, చాలా స్టేషన్లకు లిఫ్ట్ లేదు కానీ, బస్సులకు ర్యాంపు ఉంటుంది. డ్రైవర్ మీట నొక్కితే తలుపు కింది నుంచి పలక జారి ఫుట్‌పాత్ మీదికొస్తుంది. నేను మొదటిసారి ఒంటరిగా బస్సెక్కింది అక్కడే, 26వ ఏట. అప్పటిదాకా ఏ బస్సయినా నాన్నే ఎత్తుకుని ఎక్కించేవారు. దిగగానే అమ్మకు ఫోన్ చేసి ఆ స్టాప్ పేరు చెప్పాను. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది.