గడియారం ఎంత తప్పిందో ముందు కొలవండి

ప్రశ్న: నా కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. లినక్స్‌లో పని ముగించి విండోస్‌లోకి వెళితే గడియారం కొన్ని గంటలు వెనకబడి ఉంటోంది. అక్కడ సరిచేసి మళ్ళీ లినక్స్‌లోకి వస్తే ఇక్కడ కొన్ని గంటలు ముందుకు పోతోంది. బ్యాటరీ మార్చినా ఫలితం లేదు. మదర్‌బోర్డు పాడయిందని అనుకోవాలా?

జవాబు: మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు, పాత బ్యాటరీ కూడా బహుశా మంచిదే అయి ఉంటుంది. మీరు "కొన్ని గంటలు" అని రాసి ఊరుకున్నారు గాని, అవి ఎన్ని గంటలో, ఎన్ని నిమిషాలో కొలిచి ఉంటే కారణం మీకే తెలిసిపోయేది. ఆ తేడా మీ ప్రాంతపు సమయానికీ, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకీ మధ్య ఉన్న తేడాతో నిమిషాలతో సహా సరిపోతుంటే, అది యంత్రం చేసిన తప్పు కాదు, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య కుదరని ఒప్పందం. చెడిపోయిన గడియారం ప్రతిసారీ అంత లెక్కగా తప్పదు.

కంప్యూటర్‌లో గడియారాలు రెండు ఉంటాయి. ఒకటి మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీతో నడుస్తూ, విద్యుత్తు లేనప్పుడు కూడా సమయాన్ని నిలుపుకునే హార్డ్‌వేర్ గడియారం. రెండోది కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం) నిర్వహించే సిస్టమ్ గడియారం. లినక్స్‌లో ఇది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను యూటీసీలో లెక్కిస్తుంది, మనకు తెర మీద కనిపించేది దానికి ప్రాంతీయ సమయపు తేడాను కలిపిన రూపం మాత్రమే. కంప్యూటర్‌ను ఆన్ చేసినప్పుడు సిస్టమ్ గడియారం తన తొలి సమయాన్ని హార్డ్‌వేర్ గడియారం నుంచి తీసుకుంటుంది. ఆ గడియారంలో ఉన్నది యూటీసీ అని లినక్స్ సాధారణంగా భావిస్తుంది, ప్రాంతీయ సమయమని విండోస్ భావిస్తుంది. పైగా నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచూసుకుంటున్న లినక్స్ కెర్నల్, మామూలుగా సుమారు 11 నిమిషాలకోసారి ఆ సరైన సమయాన్ని హార్డ్‌వేర్ గడియారంలోకి కూడా రాస్తుంది. అంటే మీరు విండోస్‌లో ఎంత ఓపికగా సరిచేసినా, లినక్స్ దానిని తన పద్ధతిలో తిరగరాస్తూనే ఉంటుంది.

పరిష్కారాలు రెండు ఉన్నాయి, కానీ వాటిలో ఒక్కటే చేయాలి. రెండూ చేస్తే ఇద్దరూ చెరొక వైపుకు మారి పాత గొడవే తలకిందులుగా మొదలవుతుంది. మొదటిది విండోస్‌నే యూటీసీకి అలవాటు చేయడం. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలోని లోకల్ మెషీన్ విభాగంలో సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ అనే వరుసలో వెళ్ళి, రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ (సంఖ్య రకం) విలువను సృష్టించి 1గా పెట్టాలి. రెండోది లినక్స్‌నే ప్రాంతీయ సమయానికి మార్చడం. టెర్మినల్‌లో "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అనే ఆదేశం ఇస్తే చాలు. ఇక్కడ తెలుగులో ఇచ్చిన ఆదేశాలన్నిటినీ ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే టైపు చేయాలి. నా సలహా మొదటి పద్ధతే. ఎందుకంటే వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాలలో, హార్డ్‌వేర్ గడియారంలో ప్రాంతీయ సమయం ఉంటే ఆ గంటను ఎవరు జరిపారో రెండో సిస్టమ్‌కు తెలియదు. ఈ ఇబ్బంది గురించి టైమ్‌డేట్‌సీటీఎల్ కూడా హెచ్చరిస్తుంది.

ఒకవేళ ఒక్క లినక్స్ మాత్రమే ఉన్న యంత్రంలో ఇలాంటి గంటల తేడా కనిపిస్తే, "టైమ్‌డేట్‌సీటీఎల్" అని మాత్రం టైపు చేసి యూనివర్సల్ టైమ్ వరుసను చూడండి. అది సరిగానే ఉండి లోకల్ టైమ్ తప్పుగా ఉంటే, తప్పు టైమ్‌జోన్ అమరికలో ఉందన్నమాట. చాలామంది అది గమనించక ముళ్ళను జరిపినట్టు గంటలను చేత్తో మారుస్తారు. దానివల్ల అంతవరకూ సరిగా ఉన్న యూటీసీ కూడా తప్పుతుంది.

ప్రశ్న: వారం రోజులు ప్లగ్ తీసి ఉంచితే నా లినక్స్ డెస్క్‌టాప్ తేదీ కొన్నేళ్ళు వెనక్కి పోతోంది. అప్పుడు ఏ వెబ్‌సైటు తెరిచినా సురక్షితం కాదంటోంది. వైరస్ ఏమైనా చేరిందా?

జవాబు: ఈసారి మాత్రం బ్యాటరీదే తప్పు. ఇలాంటి చాలా మదర్‌బోర్డులలో ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం ఆకారపు బ్యాటరీ; యంత్రాన్ని ఆపి, ప్లగ్ తీసి మార్చండి. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు మొదలు తేదీ, గడువు తేదీ రెండూ ఉంటాయి కాబట్టి, మీ గడియారం మొదలు తేదీకంటే వెనక ఉంటే బ్రౌజర్ ఆ పత్రాన్ని ఇంకా చెల్లనిదిగానే చూస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోవడానికీ ఇదే కారణం కావచ్చు.

ఈలోగా పని జరగాలంటే "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ" అని ఇచ్చి నెట్‌వర్క్ సమయ సేవను ప్రారంభించండి. నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచూసే క్రోనీ అనే ప్రోగ్రామ్ వాడేవారు అది తేడాను కొద్దికొద్దిగా సర్దుతుంటే విసుగు చెందకుండా "సుడో క్రోనీసీ మేక్‌స్టెప్" అని ఇస్తే ఒక్కసారిగా సరైన సమయానికి దూకుతుంది. అయినా కదలకపోతే, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సమయాన్ని సరిచూసే పద్ధతి) వాడే యూడీపీ 123 పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకుంటోందేమో చూడాలి. చేత్తోనే సమయం పెట్టదలచుకుంటే ముందుగా ఆ సేవను ఆపాలి, లేకపోతే టైమ్‌డేట్‌సీటీఎల్ మీ మాట వినదు. రాస్ప్‌బెర్రీ పై 4 వంటి చిన్న బోర్డులలో అసలు హార్డ్‌వేర్ గడియారమే ఉండదు కాబట్టి, వాటిలో ఈ లక్షణాన్ని రోగంగా భావించనవసరం లేదు.

ప్రశ్న: నెట్‌వర్క్‌కు కలపని నా లినక్స్ యంత్రం రోజుకు సుమారు రెండు సెకన్లు వెనకబడుతోంది. ఇది లోపమేనా?

జవాబు: కాదు. గడియారాలకు లయనిచ్చే క్వార్ట్‌జ్ స్ఫటికం పది లక్షలకు 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్ల తేడా వస్తుంది, ఉష్ణోగ్రతను బట్టి అది కొంత మారుతుంది కూడా. రోజుకు నిమిషాల కొద్దీ తప్పుతుంటే మాత్రం అనుమానించాలి. అది వర్చువల్ మెషీన్ (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) అయితే, నిద్రావస్థలో ఉంచిన ప్రతిసారీ గడిచిన సమయాన్ని కోల్పోతోందేమో మొదట గమనించండి.