గైడా, మాన్యువలా, సూచనలా?

సందేహం: మాది పలాసలో జీడిపప్పు యూనిట్. కొత్తగా చేరేవాళ్ల కోసం పనులన్నీ తెలుగులో రాసి కంప్యూటర్‌లో పెడుతున్నాం. రాసేది నలుగురం. ఒకరు ‘బాయిలింగ్ గైడ్’ అన్నారు, ఒకరు ‘కటింగ్ విధివిధానాలు’, ఇంకొకరు ‘పీలింగ్ సూచనలు’. నేను ‘గ్రేడింగ్ మాన్యువల్’ అని పెట్టాను. అన్నీ ఒక తీరుగా ఉండాలంటే ఏ మాట వాడాలి? అచ్చతెలుగు పేర్లు పెట్టాలా?
– ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: అమ్మా, ముందు ఆ నాలుగింటిలో ఉన్న విషయం ఒకే రకమా కాదా చూడండి. పక్కన పెట్టుకుని వరుసగా పని చేసేది ‘పద్ధతి’. తప్పకుండా పాటించాల్సింది ‘నియమాలు’. మొదటి రోజు చదివి అర్థం చేసుకునేది ‘పరిచయం’. మీకు ఈ మూడు చాలు. ‘గైడ్’ అనే మాటే మీవాళ్లకు అలవాటైతే ‘పరిచయం’ బదులు అదే వాడండి, తప్పేమీ లేదు. కానీ రెండూ కలిపి వాడొద్దు. ‘విధివిధానాలు’ ప్రభుత్వ ఉత్తర్వుల్లో వినిపించే బరువైన మాట, మీకు అక్కర్లేదు.

‘సూచనలు’ మాత్రం తీసెయ్యమని గట్టిగా చెబుతున్నాను. పరీక్ష పేపరు మీద ‘సూచనలు’ అని ఉంటే పాటించి తీరాలి. మీటింగులో ‘నాదొక సూచన’ అంటే ఇష్టమైతే వింటారు, లేకపోతే లేదు. జీడిపిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. కటింగ్‌లో కూర్చునేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలన్న మాట ‘సూచనలు’ కింద ఉంటే, కొత్తగా వచ్చిన పిల్ల దాన్ని రెండో అర్థంలో తీసుకోవచ్చు. దాన్ని ‘కటింగ్ నియమాలు’లో పెట్టి, ‘వేసుకోవడం మంచిది’ అనకుండా ‘వేసుకోవాలి’ అని రాయండి.

ఇక అచ్చతెలుగు సంగతి. బాయిలింగ్, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ మీ దగ్గర అందరి నోళ్లలో నలిగిన మాటలు. వాటిని కదపొద్దు. గ్రేడింగ్‌ను ‘శ్రేణీకరణ’ చేస్తే ఆ పని రోజూ చేసే మనిషికే అది తన పని అని తెలియదు. అలాగే పుస్తకంలో ‘ముడి జీడిగింజలు’ అని ఉందని మీ ‘పిక్కలు’ మార్చకండి. ‘డబ్ల్యూ 320’ లాంటి పేర్లూ అంతే. పౌనుకు సుమారు 320 పప్పులు తూగే గ్రేడు అని ‘పరిచయం’లో ఒకసారి రాస్తే సరిపోతుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో తెచ్చారు. ఆ పదాలను ఆ పనులు చేసేవాళ్లనే అడిగి సేకరించారు. మీరూ పేర్లు ఖాయం చేసే ముందు షెడ్డులోకి వెళ్లి అడగండి.

పేర్ల వ్యాకరణం కూడా ఒకే తీరుగా ఉండాలి. ‘జీడిపిక్కల ఉడికించుట’ అని రాసేవాళ్లున్నారు. అది కుదరదు. ‘ఉడికించడం’ క్రియలోంచి పుట్టింది కాబట్టి కర్మను అడుగుతుంది: ‘జీడిపిక్కలు ఉడికించడం’. ‘బాయిలింగ్’ మనకు నామమే కాబట్టి ‘జీడిపిక్కల బాయిలింగ్’ బాగానే ఉంటుంది. ఒక పేరు ‘చేయడం’ అనీ, ఇంకోటి ‘చేయుట’ అనీ, మరోటి ‘ఎలా చేయాలి?’ అనీ ఉండకూడదు. మీరు పని పేరు ముందుపెట్టి ‘బాయిలింగ్ పద్ధతి’, ‘బాయిలింగ్ నియమాలు’ అని కట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

అయితే కంప్యూటర్ అక్షరక్రమంలో పేరుస్తుంది. కటింగ్, గ్రేడింగ్, పీలింగ్, బాయిలింగ్ అని వస్తాయి. మీ పనిలో మొదటిదైన బాయిలింగ్ అన్నిటికన్నా అడుగున పడుతుంది! అందుకని ముందు అంకె వేయండి: ‘01 బాయిలింగ్ పద్ధతి’, ‘02 కటింగ్ పద్ధతి’.

వర్ణక్రమం (స్పెల్లింగ్) మీద ఇంకా జాగ్రత్త కావాలి. ‘జీడిపిక్క’ అని కలిపి రాశారా, ‘జీడి పిక్క’ అని విడదీశారా? ‘బాయిలింగ్’ అనా, ‘బాయిలింగు’ అనా? చదివేవాళ్లకు రెండూ ఒకటే అయినా, కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఒకటి దొరికి ఇంకోటి దొరక్కపోవచ్చు. ‘చెక్‌లిస్ట్’లో క కింద ల ఒత్తు పడకుండా టైపు చేసేవాళ్లు మధ్యలో కనబడని అక్షరం ఒకటి వేస్తారు. వేయనివాళ్లకు ‘చెక్లిస్ట్’ అవుతుంది. ఏది ఖాయం చేసుకుంటారో ఒక పేజీలో రాసి నలుగురూ దాన్నే చూసి రాయండి. ఆ పేజీని ఒక్కరే చూసుకోవాలి, లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ నాలుగు దారులు అవుతాయి.

‘కొత్తది’, ‘ఫైనల్’ లాంటి మాటలు పేరులో వద్దు, మార్చిన తేదీ లోపల మొదటి వరుసలో వేయండి. ఇన్నాళ్లూ ‘గ్రేడింగ్ మాన్యువల్’ అని వెతికినవాళ్లు ఉంటారు కదా, ఆ తేదీ కిందే ‘పాత పేరు: గ్రేడింగ్ మాన్యువల్’ అని కూడా ఉంచండి.