కోనేరు సెంటర్‌లో కొట్టు పెట్టబోతున్న మా అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కొట్టు ఫొటోలు చూశాను. ఉద్యోగం వదిలేసి బందరు వచ్చి చీరల షోరూమ్ పెడతానంటున్నావని మీ నాన్న ఒకటే టెన్షన్ పడుతున్నాడు. "సెంటర్‌లో టు-లెట్ బోర్డులు వేలాడుతుంటే ఇది వెళ్లి అక్కడ షట్టర్ ఎత్తుతానంటుందేంటన్నయ్యా" అని రోజూ ఫోను. నేను వద్దనను. గుడ్డల కొట్టు మీదే ఇల్లు నడిపినవాణ్ణి, ఆ బజారు పని అయిపోయిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. కొత్తగా నాలుగు షట్టర్లు లేస్తుంటే సంతోషమే. కాకపోతే చీరల షోరూమ్ మాత్రం వద్దమ్మా.

బందరుకి బెజవాడ డెబ్బై కిలోమీటర్లు. రోడ్డు నాలుగు లైన్లయ్యాక అదో దూరమే కాదు. పెళ్లి బట్టలంటే ఇంటిల్లిపాదీ పొద్దున్నే కారెక్కి వెళ్తారు, నాలుగంతస్తుల షాపులో వందల చీరలు విప్పించి చూస్తారు, మంచి హోటల్లో భోంచేసి రాత్రికి వచ్చేస్తారు. వాళ్లకది కొనుగోలూ, షికారూ. ఆ షికారు నువ్వివ్వలేవు. రోజువారీ చీరలంటావా, ఫోన్‌లో నొక్కితే నాలుగైదు వందలకి గుమ్మంలోకి వస్తున్నాయి, నచ్చకపోతే వాళ్లే పట్టుకుపోతున్నారు. 1611లో ఇంగ్లీషువాళ్లు ఓడేసుకుని బందరొచ్చి ఫ్యాక్టరీ పెట్టింది మన గుడ్డల కోసమే. ఇవాళ బందరువాళ్లు గుడ్డల కోసం బెజవాడ పోతున్నారు! పోనీ. వాళ్లని ఆపుదామని కూర్చుంటే చేతులు కాలేది నీకే.

కానీ ఆ చీర ఇంటికొచ్చాక సంగతి ఆలోచించు. దానికి కింది అంచుకి ఫాల్ కావాలి, చివర్లకి పీకో కుట్టు కావాలి. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క సగం మందికి నచ్చదు, ఇంకో ముక్క కావాలి. లైనింగ్, లంగా, హుక్కులు, రంగు కలిసే దారం, చేతులకి లేసు, కొంగుకి కుచ్చులు. ఇవన్నీ కలిపి ఒక్కోసారి చీర ఖరీదు దాటిపోతాయి. వీటికోసం ఎవరూ బెజవాడ బస్సెక్కరు. ఫోన్‌లో తెప్పిస్తే రంగు కలవదు, చీర పక్కన పెట్టి చూసుకుంటేగానీ తేలదు. అందుకని మ్యాచింగ్ సెంటర్ పెట్టు. అప్పుడు బెజవాడ షాపుల్లో ఎన్ని చీరలమ్మితే నీకంత బేరం. ఫోన్‌లో కొన్నవాళ్లూ నీ దగ్గరికే రావాలి.

కొట్టు ఖాయం చేసుకునే ముందు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కూర్చుని చూడు. ఒక సోమవారం, ఒక ఆదివారం, ఒకటో తారీఖు దాటాక ఒక రోజు. సోమవారం ఎందుకంటే కలెక్టరేట్‌లో అర్జీలిచ్చే రోజు, అవనిగడ్డ నుంచీ బంటుమిల్లి నుంచీ జనం దిగుతారు. పని చూసుకుని బస్సెక్కేలోపు బజారుకొస్తారు. నువ్వు లెక్కపెట్టాల్సింది మనుషుల్ని కాదు, చేతుల్లో సంచుల్ని. సంచితో వెళ్లే ఆడవాళ్లు ఏ వైపు నడుస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో చూడు. రోడ్డుకి ఒక వైపు నడిచేవాళ్లు రెండో వైపుకి దాటరు, ఆ ట్రాఫిక్‌లో దాటాలన్నా భయమే. నువ్వు పంపిన ఫొటోలో పక్కన రోల్డ్ గోల్డ్ కొట్టు కనిపించింది. అది మంచి లక్షణం. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలు కొనడానికి వచ్చే మనిషి చేతిలో చీర ముక్క ఉంటుంది.

ఇప్పుడు అద్దె సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చదువు. పోర్టు పనులు 2023లో మొదలైన దగ్గర్నుంచీ బందరులో ఇళ్లవాళ్లూ కొట్లవాళ్లూ పోర్టు పేరు చెప్పి అద్దెలడుగుతున్నారు. పోర్టు వస్తే మంచిదే, వచ్చినప్పుడు చూసుకుందాం. ఇవాళ కోనేరు సెంటర్‌లో నడిచే జనాన్ని బట్టి అద్దె ఇవ్వు, రేపు ఓడ దిగబోయే జనాన్ని బట్టి కాదు. ఓనరు 11 నెలల అగ్రిమెంటు కాగితం మీద పెడతాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి అందరూ 11 నెలలు రాసుకుంటారు. ఇంటికైతే పర్లేదు. కొట్టుకి అది ఉరితాడు. నువ్వు ర్యాకులు కొట్టించి, బోర్డు పెట్టి, ఏడాది తిరిగేసరికి నలుగురికీ అలవాటయ్యావనుకో, సరిగ్గా అప్పుడే ఓనరు అద్దె పెంచుతాడు. కాదంటే ఖాళీ చెయ్యమంటాడు. నీ మంచిపేరు ఆ గోడలకి అంటుకుని ఉంటుంది, మోసుకెళ్లలేవు. అందుకని ఐదేళ్లకి రాయించి రిజిస్టర్ చేయించు. ఏటా ఎంత పెరగాలో అందులోనే ఉండాలి. స్టాంపు ఖర్చుకి వెనకాడకు. అడ్వాన్సు ఎంతైనా బ్యాంకు ద్వారానే ఇవ్వు, ఖాళీ చేసిన ఎన్నాళ్లలో తిరిగిస్తాడో రాయించు. వానాకాలంలో కాలవ పొంగితే కొట్లోకి నీళ్లొస్తాయా అని ఓనర్ని కాదు, పక్క కొట్టువాణ్ణి అడుగు.

ఖాళీ షట్టర్లు ఎక్కువున్నప్పుడు బేరమాడే బలం నీదే, మొహమాటపడకు. మొదటి మూడు నెలలు సగం అద్దె అడుగు. ఖాళీగా ఉన్న కొట్టుకి రూపాయి రాదని ఓనరుకీ తెలుసు.

లోపలి పనిలో ఏసీ కంటే లైటు ముఖ్యం. మ్యాచింగ్ కొట్టుకి ప్రాణం అదే. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవదు. నువ్వే చూసుంటావు, ఏ ఆడమనిషైనా ముక్క పట్టుకుని గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో చీర మీద పెట్టి చూసుకుంటుంది. కాబట్టి కౌంటరు గుమ్మం దగ్గరే పెట్టించు, ముందు అద్దాలకి స్టిక్కర్లు అంటించకు. సాయంత్రం వచ్చేవాళ్లకి, పగటి వెలుగుకి దగ్గరగా ఉండే తెల్ల లైట్లు పెట్టించు. నెమలికంఠం రంగు, చిలకపచ్చ, వంకాయరంగు, ఈ మూడూ బాగా మోసం చేస్తాయి. పొద్దు గూకాక వీటిలో ఏదైనా అమ్మితే "ఇంటికెళ్లి పొద్దున చూసుకోండమ్మా, కలవకపోతే మార్చిస్తాను" అని నువ్వే చెప్పు. కత్తిరించిన ముక్క వెనక్కి తీసుకుంటే నష్టం కదా అంటావు. నెలలో ఏ నాలుగో ఐదో వస్తాయి, అవి బొమ్మల బట్టలకి, చేతిసంచులకి పోతాయి. ఆ మాట అన్నందుకు ఆవిడ వదినగారిని కూడా తీసుకొస్తుంది.

సరుకు బెజవాడ వన్‌టౌన్‌లో తెచ్చుకో, వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్ రెండూ తిరుగు. మొదటి సరుకులో రంగుల సంఖ్య ఎక్కువుండాలి, ఒక్కో రంగులో మీటర్లు తక్కువుండాలి. "ఆ రంగు లేదండీ" అని రెండుసార్లు చెబితే మూడోసారి ఆ మనిషి రాదు. ఎరుపులే పది రకాలు కావాలి. లైనింగ్‌లో మాత్రం కక్కుర్తి పడకు. చవక లైనింగ్ ఉతికితే ముడుచుకుపోతుంది, పైన గుడ్డ ఉబ్బి జాకెట్టు పాడవుతుంది. తిట్లు ముందు టైలరు తింటుంది, ఆ తర్వాత ఆవిడ నీ కొట్టు పేరు ఎక్కడా చెప్పదు.

అసలు నీ బేరం ఆ టైలర్ల చేతిలోనే ఉంది. ఇళ్లల్లో మిషను పెట్టుకుని కుట్టే ఆడవాళ్లు బందరులో వీధికొకరుంటారు. ఫ్లెక్సీలకి పెట్టే డబ్బు వీళ్ల మీద పెట్టు. కొట్టు తెరవకముందే ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, రంగుల ముక్కలు అంటించిన కార్డు ఒకటి ఇచ్చి రా. ముక్కకో నంబరుండాలి. వాళ్లు ఫోన్ చేసి నంబరు చెబితే లైనింగూ దారమూ కలిపి పంపించాలి. వాళ్లకి రేటు తగ్గించు గానీ అరువు మాత్రం నెల దాటనివ్వకు. నెలనెలా ఐదో తారీఖు కల్లా లెక్క తేలాలి. అరువు ఇచ్చి డబ్బే కాదు, మనిషినీ పోగొట్టుకుంటాం. బాకీ ఉన్నవాళ్లు నీ కొట్టు ముందు నుంచి నడవడం మానేస్తారు.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు రిజిస్ట్రేషన్. జీఎస్టీకి మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పీకో కూడా చేసి డబ్బు తీసుకుంటే అది సర్వీసు, అప్పుడు 20 లక్షల లెక్క. ఇది ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడుగు. ఫోన్‌పేలో వచ్చింది ఎవరికీ కనపడదనుకోకు, 2025లో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న కొట్లవాళ్లకి నోటీసులిచ్చారు. అప్పు కావాలంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోను అడుగు, తాకట్టు ఉండదు. మీ అత్తగారి బంగారం జోలికి మాత్రం వెళ్లకు.

ఇంకొక్కటి, మగవాళ్లెవరూ చెప్పరు, మీ పెద్దమ్మ గుర్తుచేసింది. ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లకి బజారులో బాత్రూమ్ ఉండదు. పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా తిరుగుతారు, అందుకే తొందరగా వెళ్లిపోతారు. నీ కొట్టు వెనక బాత్రూమ్ శుభ్రంగా పెట్టి, అడిగినవాళ్లకి తాళం ఇవ్వు. కొనకపోయినా ఇవ్వు. నీతోపాటు కొత్తగా తెరిచిన కాఫీ కొట్టు కుర్రాళ్లతో, పక్క రోల్డ్ గోల్డ్ ఆయనతో మాట్లాడి, నలుగురూ కలిసి వాచ్‌మన్‌ని పెట్టి బళ్లు వరసలో పెట్టించండి. బండి పెట్టుకునే చోటు లేకే సగం మంది సెంటర్‌కి రావడం మానేశారు.

ముహూర్తానికి మీ అత్తగారు శ్రావణం అంటున్నారట. శ్రావణంలో తెరిస్తే ఆలస్యమైపోతుంది. ఆషాఢంలో బెజవాడలో డిస్కౌంట్ సేల్స్ పెడతారు, చీరలన్నీ అప్పుడే కొంటారు. వరలక్ష్మీవ్రతం నాటికి జాకెట్టు కావాలంటే ఆషాఢం సగంలోనే టైలరుకి ఇవ్వాలి, తర్వాత ఏ టైలరూ తీసుకోదు. అందుకని జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసి పాలు పొంగించేయ్, ఆషాఢానికి కొట్టు అలవాటులో పడాలి. ఆవిడకి నేను ఫోన్ చేసి నచ్చజెబుతాను.

అగ్రిమెంటు డ్రాఫ్టు సంతకం పెట్టకముందు నాకు పంపు. సరుకుకి వెళ్లే రోజు రెండ్రోజుల ముందు చెప్పు, నేనూ వస్తాను. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న