ఉపచారం అనే మాట ఎలా పుట్టింది? మర్యాదకు, వైద్యానికి ఒకే మాట ఎందుకు?

‘చర్’ అనే సంస్కృత ధాతువుకు కదలడం, మెలగడం అని అర్థాలు. ‘ఉప’ అంటే దగ్గరగా. ఒకరి దగ్గరికి వెళ్లి, వారిని కనిపెట్టుకుని మెలగడమే ఉపచారం. రోగి పక్కన ఉండి చేసే సేవకూ, గడపలోకి వచ్చిన అతిథికి చేసే మర్యాదకూ ఒకే మాట చెల్లడానికి కారణం ఇదే.

పూజలోని షోడశోపచారాల వరుస గమనించండి. ఆవాహనం అంటే రమ్మని పిలవడం. ఆసనం అంటే కూర్చోబెట్టడం. పాద్యం కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, ఆచమనీయం నోటికి నీళ్లు. తర్వాత స్నానం, వస్త్రం, గంధం. ఆపైన నైవేద్యం, తాంబూలం. దూరం నడిచి అలసి వచ్చిన మనిషికి ఏమేం కావాలో అవే, ఇంచుమించు అదే క్రమంలో! ఒక్కో సంప్రదాయంలో పట్టికలో చిన్న తేడాలుంటాయి, వరుస మాత్రం అతిథి మర్యాదదే. క్లుప్తంగా చేస్తే గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం అనే పంచోపచారాలు. గొడుగు పట్టడం, వింజామర వీయడం వంటివి రాజోపచారాలు.

ప్రబంధాల్లో విరహంతో వేగిపోయే నాయికకు చెలికత్తెలు చందనం పూసి, తామరాకులతో విసిరేవి శైత్యోపచారాలు. వాటితో ఆమె తాపం తగ్గిన దాఖలా అరుదు.

‘ఉపకారం’తో దీన్ని కలపకూడదు, అది ‘కృ’ ధాతువు నుంచి వచ్చింది, మేలు చేయడమని అర్థం. ‘అపచారం’ మాత్రం దీనికి తోబుట్టువే. ధాతువు అదే, ఉపసర్గ ఒక్కటే మారింది. అందుకే ‘ఉపచారం చేయబోతే అపచారం జరిగినట్టు’ అనే నానుడి అంత చక్కగా కుదిరింది.