వేల్స్‌లో వందలమంది జాన్ జోన్సుల్లో మనవాణ్ణి తేల్చుకునేదెలా?

ప్రశ్న: మా ఆవిడది కార్డిఫ్. మామగారి ముత్తాత జాన్ జోన్స్ 1871 జనాభా లెక్కల్లో మెర్థర్ టిడ్విల్‌లో ఉన్నాడు. వయసు 38, పుట్టింది కార్డిగన్‌షైర్. అదే పేరుతో బోలెడుమంది కనిపిస్తున్నారు. ఎలా ముందుకెళ్లాలి?

జవాబు: పేరు పట్టుకుని వెతకడం ఇక ఆపండి. వేల్స్ పల్లెల్లో మనిషికి కమతం పేరే ఆనవాలు, మనకు ఊరిని బట్టి ఇంటిపేరు వచ్చినట్టే. మీరు రాబట్టాల్సింది ఆ కమతం పేరు.

ముందు 1851, 1861, 1881 లెక్కల్లోనూ అదే కుటుంబాన్ని చూడండి. ఒక గుమాస్తా జిల్లా పేరుతో సరిపెడితే, ఇంకొకడు పారిష్ (ఒక్కో చర్చి కింద ఉండే ప్రాంతం) కూడా రాసి ఉంటాడు. అక్కడ ఉత్త 'లాన్‌విహాంగెల్' అని ఉంటే తొందరపడకండి, కార్డిగన్‌షైర్‌లోనే ఆ పేరుతో మొదలయ్యే పారిష్‌లు చాలా ఉన్నాయి.

తర్వాత పెళ్లి. జననమరణాలు, పెళ్లిళ్లు నమోదు చేసే ప్రభుత్వ జనరల్ రిజిస్టర్ ఆఫీస్ ఆన్‌లైన్ జనన సూచికలో 1837 నుంచీ తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. జాన్ పిల్లల్లో అరుదైన పేరున్న వాళ్లతో మొదలుపెడితే అది తొందరగా దొరుకుతుంది. దాంతో ఫ్రీబీఎండీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో పెళ్లి నమోదు వెతికి సర్టిఫికెట్ తెప్పించండి. ఈ ఖర్చు దగ్గర వెనకాడవద్దు: పెళ్లికొడుకు తండ్రి పేరు, వృత్తి అందులోనే ఉంటాయి.

సివిల్ నమోదు, అంటే ప్రభుత్వ నమోదు, మొదలైంది 1837 జూలై 1న. జాన్ అంతకు ముందే పుట్టాడు కాబట్టి బాప్తిస్మం రిజిస్టర్లే దిక్కు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, వాటిలో తండ్రి వృత్తికీ నివాసానికీ గడులున్నాయి. కమతం పేరు దొరికేది ఆ నివాసం గడిలోనే. ఆ పారిష్‌లో 1833కి అటూ ఇటూ మూడేళ్లలో బాప్తిస్మం పొందిన జాన్‌లందరినీ రాసుకుని, ఖనన రిజిస్టర్‌తో పోల్చి, పసితనంలోనే పోయినవాళ్లను కొట్టేయండి. చాలామంది పొరబడేది ఇక్కడే, సరిపోలిన మొదటి జాన్‌నే తమవాడనుకుంటారు.

అసలు దొరక్కపోతే కారణాలు సాధారణంగా రెండు. ఒకటి, కుటుంబం అధికారిక చర్చికి కాక, దాన్నుంచి విడిపోయిన క్రైస్తవుల ప్రార్థనామందిరమైన చాపెల్‌కు వెళ్లి ఉండవచ్చు. అప్పట్లో ప్రభుత్వానికి అప్పగించిన చాపెల్ రిజిస్టర్లు లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరుసలో ఉన్నాయి. రెండోది, తండ్రి పేరే ఇంటిపేరయ్యే పాత అలవాటు కొన్నిచోట్ల 19వ శతాబ్దంలోనూ సాగింది. సర్టిఫికెట్‌లో 'డేవిడ్ జోన్స్' అయినవాడు రిజిస్టర్‌లో 'డేవిడ్ జాన్' కావచ్చు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి తండ్రి పేరుతో వెతకండి. రిజిస్టర్ పుటలు పాడైపోయి ఉంటే, బిషప్‌కు పంపిన నకళ్లు ఆబెరిస్ట్విత్‌లోని వేల్స్ నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి.

అదే లైబ్రరీ సైట్‌లో 1840ల నాటి టైత్ మ్యాపులు (చర్చికి చెల్లించే దశమభాగం పన్ను కోసం గీసిన భూమి పటాలు) ఉచితం. కమతం పేరు కొడితే యజమాని, కౌలుదారు పేర్లు వస్తాయి. 1858కి ముందు చర్చి కోర్టుల్లో నమోదైన వీలునామాలు కూడా అక్కడే ఉచితంగా చూడవచ్చు. వాటిని పారిష్ పేరుతో జల్లెడ పట్టండి, పెళ్లైన స్త్రీలు పుట్టింటి పేరుతోనే కనిపించడం వేల్స్‌లో మామూలే. చాపెల్ సమాధిరాళ్ల మీద కూడా కమతం పేరు తరచుగా చెక్కి ఉంటుంది. వాటి మీది వెల్ష్ మాటల్లో 'మాబ్' అంటే కొడుకు, 'ప్రియోద్' అంటే భార్య లేదా భర్త.

కమతం తేలాక 1841 లెక్కల్లో ఆ ఇల్లు తెరవండి. ఆ ఏడు 15 దాటినవాళ్ల వయసు ఐదేళ్ల లెక్కకు తగ్గించి రాశారు, పిల్లల వయసు మాత్రం ఉన్నదున్నట్టే. అక్కడ ఎనిమిది, తొమ్మిదేళ్ల జాన్ ఉండి, ఇంటి పెద్ద పేరు సర్టిఫికెట్‌తో సరిపోతే అతనే మీవాడయ్యే అవకాశం బలంగా ఉంది.