విటమిన్-డి ఎంత వాడినా పెరగడం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 38. ఒళ్లునొప్పులు, తొడల్లో నీరసం ఉంటే పరీక్ష చేయించారు. విటమిన్-డి 9 ఉంది. వారానికి 60,000 యూనిట్ల చొప్పున రెండు నెలలు వాడినా 12 దగ్గరే ఆగింది. కాల్షియమూ తక్కువే. ఐరన్ మాత్రలు ఎన్నాళ్లుగా వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగదు. తరచూ కడుపుబ్బరం. ఇది విటమిన్-డి రెసిస్టెన్స్ అని తెలిసినవాళ్లు అంటున్నారు. ఇంజెక్షన్లు వేయించుకోమంటారా?

- ఒక పాఠకురాలు

జవాబు: మీది రెసిస్టెన్స్ అనిపించడం లేదమ్మా. రెసిస్టెన్స్ ఉన్నవారికి రక్తంలో విటమిన్-డి సరిపడా ఉన్నా దాని పని జరగదు. మీకు అసలు రక్తంలోకే చేరడం లేదు. పైగా ఐరన్ కూడా ఒంటబట్టడం లేదంటున్నారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఆ మాటే. ఐరన్, కాల్షియం ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి వెళ్తాయి. అందుకే నా అనుమానం పేగు మీద, అందులోనూ సీలియాక్ జబ్బు మీద. గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ పడక పేగు లోపలి పొర దెబ్బతినే సమస్య ఇది. విరేచనాలు లేకపోయినా ఉండొచ్చు.

సీలియాక్‌ను గుర్తించే టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీ పరీక్ష, దాంతోపాటు మొత్తం ఐజీఏ రక్తపరీక్ష చేయించుకోండి. అప్పటిదాకా గోధుమ మానొద్దు. ముందే మానేస్తే జబ్బున్నా రిపోర్టు మామూలుగా రావొచ్చు. పాజిటివ్ వస్తే ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి చూస్తారు. ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్, అల్బుమిన్ కూడా చూడాలి. మెగ్నీషియం సంగతి చాలామంది మరిచిపోతుంటారు. అది బాగా తగ్గితే, రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోన్ సరిగా పనిచేయదు. ఎంత కాల్షియం మింగినా స్థాయి నిలబడదు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వంటివి, క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. అవి ఒంట్లోని విటమిన్-డిని త్వరగా ఖర్చు చేసేస్తాయి.

సీలియాక్ అని తేలితే జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. కొన్ని నెలల్లో పేగు కోలుకుని మాత్రలు పనిచేయడం మొదలవుతుంది. ఈలోగా తేలిగ్గా ఒంటబట్టే విటమిన్-డి రూపమైన క్యాల్సిఫెడియాల్ గానీ, పేగుతో పనిలేని ఇంజెక్షన్ గానీ మీ డాక్టర్ ఇవ్వొచ్చు. సొంతంగా మాత్రం వేయించుకోకండి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, కిడ్నీల్లో రాళ్లు వస్తాయి. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో, ఒకసారికి 500 మిల్లీగ్రాములు మించకుండా వేసుకోండి. ఐరన్‌తో కలపొద్దు, రెండు గంటల తేడా ఉండాలి.

అసలైన రెసిస్టెన్స్ చాలా అరుదు. ఎక్కువగా జన్యులోపంతో, పసితనంలోనే కాళ్లు వంకరపోవడంతో బయటపడుతుంది. దానికి విటమిన్-డి చురుకైన రూపమైన క్యాల్సిట్రియాల్ ఇస్తారు, ఫాస్ఫేట్ మూత్రంలో పోయే రకమైతే ఫాస్ఫేట్ కూడా కలుపుతారు.

మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, ఫిట్స్ వంటివి కనిపిస్తే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాల్షియం బాగా పడిపోయినప్పుడు దాన్ని నరం ద్వారా ఎక్కించాల్సి ఉంటుంది.